దేవమ్మ టీచర్ ఎడమచేతి సమీకరణాలు

దేవమ్మ టీచర్ గద్వాల నుంచి రోజూ బస్సులో కృష్ణ దాటి పెబ్బేరు దగ్గరి మా హైస్కూలుకు వచ్చేది. పదో తరగతికి భౌతిక రసాయన శాస్త్రం చెప్పేది. నేనూ అక్కడే టీచర్ని. బస్సు మా స్కూలు ముందు ఆగినా, కండక్టరుతో మొదలుపెట్టిన మాట పూర్తయితే గానీ దిగేది కాదు. ఆ చలికాలం ఒక ఉదయం కూడా అలాగే ఒక కాలు మెట్టు మీద ఉంచి, మెడ వెనక్కి తిప్పి, కండక్టరు హన్మమ్మకు ఏదో చెబుతూ రెండో కాలు కింద పెట్టింది. ఉందనుకున్న చోట నేల లేదు. కుడి మణికట్టు విరిగింది.

"అంత ముఖ్యమైన మాట ఏం చెప్పినవ్ మేడం?" అని దవాఖానలో అడిగాను.

"నా పక్క సీటాయన ఎక్కినకాడి నుంచి గురకనే. ఆయనకు హాఫ్ టికెట్ కొట్టవే హన్మమ్మా, సగం మనిషే ప్రయాణం చేస్తుండు అన్న. నవ్విందా లేదా అని చూడనీకె వెనక్కి మర్రిన."

"నవ్విందా?"

"నవ్వింది," అంది దేవమ్మ టీచర్, పిండికట్టు ఆరబెట్టుకుంటూ. "చెయ్యి పోతే పోయింది గాని, ముసిముసిగ గాదు కృపమ్మా, పండ్లన్నీ కనవడేటట్టు నవ్వింది."

ఆమె సెలవు పెట్టలేదు. పదో తరగతి పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. ఆ పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచీ ఆమే చెబుతోంది. ఎవరెక్కడ తప్పుతారో, ఏ పిల్లకు అద్దాల పాఠం అంటే భయమో ఆమెకు తెలుసు. "వీండ్లను గట్టుకు చేర్చి చేయి బాగు చేసుకుంట," అనేది.

ఆ రోజుల్లో ఆమె చుట్టూ జరిగిన చిన్న చిన్న సాయాలు నేను చూశాను. బస్సు ఆగగానే హన్మమ్మ ముందు తాను దిగి చేయి అందించేది. "మాట తర్వాత మేడం, ముందు కాలు," అనేది. అటెండరు రాములమ్మ రోజూ ఉదయం ఆమె కొంగుకు పిన్ను పెట్టేది. మా హెడ్మాస్టరు నర్సింహులు సార్ మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి వచ్చి, ఏమీ అనకుండా, ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఆ డబ్బా మూత బాగా బిగుసుకుపోయేది. ఒక్కో రోజు మోకాళ్ల మధ్య పెట్టుకుని మరీ తీసేవాడు. నేను ఆదివారం చర్చిలో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేయించాను. ఆమె మంగళవారం జములమ్మ గుడికి వెళ్లి నా పేరు మీద కూడా కొబ్బరికాయ కొట్టించి, చిప్ప తెచ్చి నాకిచ్చింది. "మీ దేవునికి చెప్పకు, పచ్చడి చేస్కో," అంది.

చిక్కంతా బోర్డు దగ్గర వచ్చింది.

మామూలు మాటలు ఎడమచేత్తో ఎలాగో గీసేది. కానీ సమీకరణాలంటే వేరు. అంకె ఎక్కడ చిన్నగా కింద కూర్చోవాలో, ఎక్కడ పెద్దగా ముందు నిలబడాలో తేడా ఉంటుంది. ఆమె ఎడమచేయి ఆ తేడా పాటించలేదు. నీటి అణువులోని రెండు, పక్కనున్న అక్షరాల కంటే పెద్దదై కూర్చుంది. బాణం గుర్తు వంగి కిందికి చూసింది. పిల్లలు బుద్ధిమంతులు, ఉన్నది ఉన్నట్టే ఎక్కించుకున్నారు. నిరోష అనే అమ్మాయి వంగిన బాణాన్ని కూడా స్కేలు పెట్టి మరీ అంతే వంకరగా గీసింది.

ఆ నోటుపుస్తకాలు హెడ్మాస్టరు కంట పడ్డాయి. నర్సింహులు సార్ మంచి మనిషి. కానీ పదో తరగతి ఫలితాలంటే ఆయనకు నిద్ర పట్టదు. అందరి ముందూ కాకుండా, వరండాలో పక్కకు పిలిచి చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"మేడం, మీ కష్టం నాకు తెల్వదని గాదు. కానీ పిల్లలు ఆగమైతరు. రియాజ్ సార్‌కు పదో తరగతి సైన్స్ ఇస్త. మీరు ఆరో తరగతి తీస్కోండ్రి. బోర్డు మీద ఎక్కువ రాసే పని ఉండదు."

"నోరు బాగనే ఉన్నది గద సార్!"

"నోరు గురించి ఎవలన్నరు మేడం? దానికి సెలవు పెట్టినా ఆగదు." ఆయన కూడా నవ్వాపుకున్నాడు. వెంటనే ముఖం గట్టిగా పెట్టుకున్నాడు. "వచ్చే గురువారం ఎంఈఓ సార్ వస్తుండు. క్లాసు చూస్తడు. ఆయన సరే అంటే మీకే ఉంటది. కాదంటే నన్నేమనొద్దు."

ఎంఈఓ అంటే మండలం బడులన్నిటినీ చూసే విద్యాధికారి. దేవమ్మ టీచర్ ఆ సాయంత్రం బస్సులో హన్మమ్మతో ఒక్క మాటైనా మాట్లాడలేదట. హన్మమ్మే మరునాడు గేటు దాకా వచ్చి నన్ను అడిగింది: "మేడానికి జొరం గిట్ల వచ్చిందా అమ్మా?"

రియాజ్ సార్ మా లెక్కల మాస్టారు. నాగర్‌కర్నూల్ వైపు అబ్బాయి, వనపర్తిలో గది తీసుకుని ఉంటాడు. లావు కళ్లద్దాలు, తక్కువ మాటలు. పదో తరగతి సైన్స్ తనకొస్తుందని విని మా అందరికంటే ఎక్కువ కంగారుపడ్డది అతనే. స్టాఫ్ రూములో దేవమ్మ టీచర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం, మీరు ఆ క్లాసు ఇడిసిపెట్టొద్దు."

"నీకే ఇస్తరట గద తమ్మీ. పేరొస్తది, తీస్కో."

"నాకు కెమిస్ట్రీ అంటే ఇంటర్‌ల నుంచే పరేషాన్ మేడం. ల్యాబ్ వాసన చూస్తే కండ్లు తిరుగుతయి. అల్లా మీద ఒట్టు, మీ చెయ్యి కోసం మీకంటే ఎక్కువ దువా చేస్తున్న."

"అంటే నా మీద ప్రేమ గాదు, నీ మీద భయం!"

"రెండూ మేడం," అన్నాడు రియాజ్ నిజాయితీగా.

పదో తరగతి గదిలో సర్కారు ఇచ్చిన డిజిటల్ బోర్డు ఉంది. పెద్ద టీవీలా గోడకు ఉంటుంది, దానికో కీబోర్డు. దేవమ్మ టీచర్ అప్పటిదాకా దాని మీద తుడిచే గుడ్డ మాత్రమే పెట్టింది. రియాజ్ ఆమెను దాని ముందు కూర్చోబెట్టి సమీకరణం కొట్టడం చూపించాడు. అక్షరం కొట్టాలి, పైనున్న గుర్తుల్లోకి వెళ్లి చిన్న అంకె అడగాలి, అంకె కొట్టాలి, మళ్లీ వెళ్లి పెద్ద అక్షరం అడగాలి. బాణం కోసం ఇంకో చోటికి పోవాలి. ఎడమచేతి ఒక్క వేలితో ఒక్క సమీకరణం పూర్తయ్యేసరికి రాములమ్మ మూడో పీరియడ్ గంట కొట్టి వచ్చి, "ఇంక అదేనా మేడం?" అంది.

"ఇట్లయితే పిల్లలు పరీక్ష రాసొచ్చినంక గూడ నేను ఇదే కొడుతుంట," అంది దేవమ్మ టీచర్.

రెండు రోజుల తర్వాత రియాజ్ పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు. సైన్స్ మాస్టార్లు సమీకరణాలు తొందరగా కొట్టడానికి ఉపయోగపడే చిన్న సాఫ్ట్‌వేర్ అది. ఎక్కడో నెట్‌లో ఉచితంగా దొరికిందట. దాని పద్ధతి సులువు. మనకు కావలసిన సమీకరణం ఒక్కసారి సరిగా తయారుచేసి పెట్టుకోవాలి. దానికొక చిన్న పేరు పెట్టాలి. ఆ తర్వాత ఎప్పుడు ఆ పేరు కొట్టి స్పేస్ నొక్కినా, పేరు మాయమై ఆ చోట మొత్తం సమీకరణం వచ్చి కూర్చుంటుంది. అంకెలు వాటి చోట్లలో, బాణం తిన్నగా.

రియాజ్ సమీకరణాలన్నీ తయారుచేసి వాటికి ఒకటి, రెండు, మూడు అని నంబర్లు పెట్టాడు. లెక్కల మనిషి గదా. దేవమ్మ టీచర్ ఒక క్లాసు చెప్పి వచ్చి తల పట్టుకుంది.

"పదిహేడు కొడితే తుప్పు రావాలె, అద్దం వచ్చింది తమ్మీ. పిల్లలు అద్దానికి తుప్పు పట్టిందని రాస్కున్నరు."

"మరి ఏం పేర్లు పెట్టాలె మేడం?"

"నాకు యాదుండే పేర్లు పెట్టు. మనుషుల పేర్లు పెట్టు. మనుషులైతే నేను మర్శిపోను."

ఇక్కడే ఆమె బుద్ధి కదిలింది. మా ఊళ్లలో మనిషికి పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఇంకొకటి. నడకను బట్టో, కోపాన్ని బట్టో ఊరంతా కలిసి మరో పేరు పెడుతుంది. ఆ అలవాటునే ఆమె సైన్సులోకి తెచ్చింది. కటక సూత్రానికి రియాజ్ అని పెట్టించింది, లావు కళ్లద్దాలకు అంతకంటే తగింది లేదని. రియాజ్ అద్దాలు తుడుచుకుని, తన పేరు తానే ఎక్కించాడు. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లయ్యే సమీకరణానికి రాములమ్మ పేరు, స్కూలంతటికీ నీళ్లు పోసేది ఆమే కనుక.

రాములమ్మ గడపలో నిలబడి చూసింది. "నన్ను గూడ టీవీల ఎక్కిచ్చినవా మేడం? ఏదీ, ఒక్కసారి కొట్టు." కొట్టి చూపించారు. "ఇంత పొడుగున్ననా నేను!" అని మురిసిపోయి, ఆ రోజు మాకు చాయ్‌లో చక్కెర ఎక్కువేసింది.

నాది ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని పదును ఒకటి పోగొట్టుకునే తటస్థీకరణం. "నువ్వు కొట్లాటలు ఆపుతవ్ గద కృపమ్మా," అంది. సంతోషించబోయాను. "ఆఖరుకు మిగిలేది ఉప్పు నీళ్లే అనుకో. నీ తాన రుచి ఉండదు," అని పూర్తి చేసింది.

ఇక హెడ్మాస్టరు. ఆయనకు హెచ్ఎం అనే రెండే అక్షరాలు. ఆయనకిచ్చింది పొడి సున్నం మీద నీళ్లు పోసే సమీకరణం. పోయగానే బుసబుసమని మరిగి, గిన్నె పట్టుకోలేనంత వేడి పుడుతుంది. ఉదయం ప్రార్థనకు ఆలస్యంగా వచ్చిన వాళ్లను ఆయన పలకరించే పద్ధతి కూడా అదే.

"మేడం, ఇది సార్‌కు తెలిస్తే?" అన్నాడు రియాజ్.

"ఎట్ల తెలుస్తది? ఆయన సోషల్ చెప్పేటప్పుడు మ్యాప్‌లే వేలుతోని జరుపుతడు. కీబోర్డు ముట్టడు."

"వాడనప్పుడు మూలకున్న ఈ గుర్తు నొక్కి బంద్ చేయాలె మేడం. లేకుంటే ఎవలేం కొట్టినా మారుస్తది."

"చేస్త చేస్త," అంది దేవమ్మ టీచర్.

ఆ వారం పదో తరగతి గదిలోంచి నవ్వులు వినపడేవి. ఆమె మాట్లాడుతూనే ఎడమచేతి వేలితో టకటక కొట్టి స్పేస్ నొక్కేది. పిల్లలు సమీకరణం వచ్చేలోపే అరిచేవారు. "ఇప్పుడెవలొస్తరు?" అంటే "రాములమ్మొస్తది!" అనేవారు. నోటుపుస్తకాల్లో బాణాలు తిన్నగా నిలబడ్డాయి. హెచ్ఎం వచ్చినప్పుడు మాత్రం గుసగుసగా చెప్పుకోవాలని కట్టుబాటు.

గురువారం వచ్చింది.

మా దగ్గర పై అధికారి వస్తే స్వాగతం రాయడం ఆనవాయితీ. బోర్డు మీద రంగు చాక్‌పీసులతో పూలు గీసి, వచ్చే వారి పేరు, కింద హెడ్మాస్టరు పేరు, దాని కింద ఉపాధ్యాయుల పేర్లు వరుసగా రాయాలి. ఎన్నో ఏళ్లుగా అది దేవమ్మ టీచర్ పని. ఈసారి ఆమె చేయి కట్టులో ఉంది. బీచుపల్లి దగ్గర లారీ ఏదో అడ్డం పడి ఆ రోజు ఆమె బస్సు కూడా ఆలస్యమైంది.

నర్సింహులు సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఎంఈఓ సార్ ఎట్లాగూ పదో తరగతికే వస్తాడు. డిజిటల్ బోర్డు మీదే స్వాగతం రాస్తే బడి ముందుకు పోతోందని అనుకుంటాడు. అందుకని తెల్ల చొక్కా చేతులు పైకి మడిచి, కీబోర్డు ముందు కూర్చున్నాడు. పిల్లలు పొద్దుటి స్పెషల్ క్లాసుకు వచ్చి ఉన్నారు. నేను వెనక నిలబడి శాలువా మడత విప్పుతున్నాను. ముందు రోజు సాయంత్రం దేవమ్మ టీచర్ ఆ మూల గుర్తు నొక్కలేదన్న సంగతి నాకప్పటికి తెలియదు.

ఆయన ఫోనులో మెసేజ్ కొట్టినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు వేళ్లతో, పెదవులు కదిలిస్తూ కొట్టాడు. మొదటి వరుసలో స్వాగతం చక్కగా వచ్చింది. రెండో వరుసలో తన పేరు కొట్టి, కామా పెట్టి, హెచ్ఎం అని కొట్టి స్పేస్ నొక్కాడు.

నర్సింహులు, CaO + H₂O → Ca(OH)₂ + ఉష్ణం.

గదిలో ఎవరో ముక్కులోంచి నవ్వారు.

"ఎవడ్రా?" ఆయన వెనక్కి తిరగకుండానే గద్దించి, ఆ వరుస చెరిపి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే వచ్చింది. "గిదేంది?" చెరిపాడు. ఈసారి ఒక్కో అక్షరం గట్టిగా గుచ్చి కొట్టాడు. గట్టిగా కొట్టినా అదే వచ్చింది. "వైరస్ పట్టినట్టుంది," అని, తన వరుస పక్కన పెట్టి, ఉపాధ్యాయుల పేర్లు మొదలుపెట్టాడు. కృప అని కొడితే ఆమ్లమూ క్షారమూ వచ్చాయి. రియాజ్ అని కొడితే కటక సూత్రం వచ్చింది. దేవమ్మ అని కొడితే మాత్రం దేవమ్మ అనే వచ్చింది. తనకు తాను ఏమీ పెట్టుకోలేదు కదా ఆమె.

నేను శాలువా నోటికి అడ్డం పెట్టుకున్నాను. దేవుడు క్షమించాలి.

నర్సింహులు సార్ ఆ బోర్డును చూశాడు. అంత మందిలో సొంత పేరుతో మిగిలింది ఎవరో చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే బయట మోటార్ సైకిల్ ఆగింది. ఎంఈఓ వెంకటయ్య సార్ లోపలికొచ్చాడు.

ఆయన బోర్డు ముందు నిలబడి పై నుంచి కిందికి నిదానంగా చదివాడు.

"నర్సింహులు గారూ, స్వాగతం మంచిగనే ఉన్నది. కానీ మీరెందుకు సున్నమైన్రు?"

పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. రియాజ్ ముందుకొచ్చి, "సార్, సాఫ్ట్‌వేర్ నాది..." అంటుండగానే గడపలో నుంచి గొంతు వినిపించింది.

"సాఫ్ట్‌వేర్ ఆయనది. పేర్లు నావి సార్."

దేవమ్మ టీచర్ చేయి మెడకు వేలాడేసుకుని, గస పెడుతూ నిలబడి ఉంది. గేటు దగ్గర బస్సు ఇంకా కదల్లేదు. హన్మమ్మ ఆమె సంచి పట్టుకుని వెనకే వచ్చి, విషయం తెలుసుకుని పోదామని అక్కడే ఆగింది.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. చేయి విరగడం, నంబర్లు గుర్తుండకపోవడం, మనుషుల పేర్లు పెట్టుకోవడం. నిన్న బంద్ చేయడం మర్చిపోవడం కూడా.

"సార్, ఇగ మీరే చూడుండ్రి," అన్నాడు నర్సింహులు సార్. గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ వినపడింది. "చేయి బాగలేదు, ఆరో తరగతి తీస్కోమంటే వినలే. ఇప్పుడు పిల్లలకు నన్ను చూసి నవ్వుడు నేర్పింది. పరీక్షలల్ల ఇదే రాస్తరా వీండ్లు? రియాజ్ సార్‌కే ఇస్త క్లాసు."

దేవమ్మ టీచర్ ముఖంలో నవ్వు పోయింది. ఆమె ముఖం అలా ఖాళీగా ఉండగా నేను అంతకు ముందు చూడలేదు.

వెంకటయ్య సార్ ఒకసారి ఆమెను, ఒకసారి రియాజ్‌ను చూశాడు. "పరీక్ష పెడుదాం. నేను పుస్తకంల ఒక సమీకరణం చెప్త. రియాజ్ సార్ చాక్‌పీస్‌తోని పక్క బోర్డు మీద రాయాలె. మేడం ఎడమచేత్తోని దీని మీద కొట్టాలె. పిల్లలకు ఎవలది ముందు అందితే వాండ్లది క్లాసు."

పుస్తకం తెరిచి, కిరణజన్య సంయోగక్రియ అన్నాడు. అది చాలా పొడుగు. రియాజ్ బోర్డు దగ్గరికి పరుగెత్తి రాయడం మొదలుపెట్టాడు. మొదటి అంకె దగ్గరే అతని చాక్‌పీస్ విరిగింది. ఇంకోటి తీసుకున్నాడు. అదీ విరిగింది. మూడోది చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది, అద్దాలు సవరించుకుంటూ కింద వెతుకుతూ కూర్చున్నాడు. దేవమ్మ టీచర్ నాలుగు అక్షరాలు కొట్టి స్పేస్ నొక్కింది. మొత్తం సమీకరణం, సూర్యకాంతితో సహా, బోర్డు మీద వెలిగింది.

"ఎవలది?" అన్నాడు వెంకటయ్య సార్, పిల్లలతో.

"మేడందే!" అని గది ఊగిపోయింది.

"చాక్‌పీసులు బాగ మెత్తగున్నట్టున్నయి మీ స్కూళ్ల," అన్నాడాయన రియాజ్‌తో. రియాజ్ బల్ల కిందనే ఉండిపోయాడు.

"తమ్మీ, లేచి రా," అంది దేవమ్మ టీచర్. ఆమెకు రోషం వచ్చింది. "నువ్వు విరగ్గొట్టకపోయినా నేనే గెలుస్తుంటి. ఇంకోటి పెట్టుండ్రి సార్, ఈసారి గట్టి చాక్‌పీస్ ఇయ్యిండ్రి ఈయనకు."

"వద్దు మేడం, చాలు," అని వెంకటయ్య సార్ కుర్చీలో కూర్చున్నాడు. "నా మీద గూడ ఏమన్న పెట్టిన్రా?"

"లేదు సార్. మీరు ఏడాదికొకసారి వస్తరు. మీ పేరు పెడితే మర్శిపోతం."

ఆయన గట్టిగా నవ్వి హెడ్మాస్టరు వైపు తిరిగాడు. "నాకైతే ఇబ్బంది లేదు. కానీ ఈ స్కూలు మీది నర్సింహులు గారూ. నవ్విందీ మిమ్మల్నే. మీరు ఎట్లంటే అట్ల."

అందరం నర్సింహులు సార్‌ను చూశాం. ఆయన ముఖం ఇంకా కందే ఉంది, నుదుటి మీద చెమట. అది చూసి రాములమ్మకు జాలేసింది పాపం. ఏ దురుద్దేశమూ లేకుండా, కొంగుతో తుడిచిన గ్లాసులో నిండుగా నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"జర నీళ్లు తాగు సారూ, సల్లవడతవ్."

ఆయన చేతిలో గ్లాసు ఉంది. ఎదురుగా బోర్డు మీద ఆయన పేరు పక్కన సున్నం, నీళ్లు, బాణం, ఉష్ణం అన్నీ ఉన్నాయి. వెనక బెంచీలో నిరోష ఇక ఆపుకోలేక, "వద్దు సార్!" అని అరిచింది.

గది పగిలిపోయింది. వెంకటయ్య సార్ బల్ల మీద తల పెట్టుకున్నాడు. హన్మమ్మ గడప పట్టుకుని కింద కూర్చుంది. రాములమ్మ "నేనేం జేసిన్నమ్మా?" అని అందరినీ అడుగుతోంది. నర్సింహులు సార్ గ్లాసును చూశాడు, బోర్డును చూశాడు, ఆయన మీసం కింద ఏదో కదిలింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు. నీళ్లు ఒలికేంతగా నవ్వాడు. తర్వాత గ్లాసు ఎత్తి, మిగిలిన నీళ్లు ఒక్క గుక్కలో తాగి, పిల్లలకు ఖాళీ గ్లాసు చూపించాడు.

"చూసిండ్రా? మరగలే."

"క్లాసు సంగతి, సార్?" అని అడిగింది దేవమ్మ టీచర్.

"ఉండనియ్యి మేడం, మీకే ఉండనియ్యి. ఇంత యాదుంచుకున్న పిల్లలను వేరేవాండ్లకిస్తే వాండ్లే పరేషాన్ అయితరు." గ్లాసు రాములమ్మకిచ్చి ఆయన వేలు చూపించాడు. "కానీ నా పేరు మీద ఆ ఉష్ణం తీసెయ్యాలె. ఇంట్ల నా భార్యకు తెలిస్తే ఇంక నాకు నీళ్లే ఇయ్యదు. ఏదన్న సల్లటిది పెట్టు."

"పెడత సార్," అంది దేవమ్మ టీచర్ చాలా వినయంగా. బల్ల కింద నుంచి బయటికి వస్తున్న రియాజ్ ఆ వినయం విని ఆగిపోయాడు.

బయట డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయాడు. హన్మమ్మ కళ్లు తుడుచుకుంటూ పరుగెత్తింది.

వారం గడవకముందే నర్సింహులు సార్ స్టాఫ్ రూములో గుర్తు చేశాడు. "మేడం, నాది మారిందా?"

"మారింది సార్. పుస్తకమంతా గాలిచ్చి సల్లటిది పట్టుకున్న. ఇయ్యాల్నే క్లాసుల చూపిస్త, మీరొచ్చి ముట్టుకుని చూడుండ్రి."

ఆయన ఉత్సాహంగా వచ్చి మొదటి బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నాడు. నేనూ వెళ్లాను. దేవమ్మ టీచర్ ఎడమచేత్తో హెచ్ఎం అని కొట్టి స్పేస్ నొక్కింది. బేరియం హైడ్రాక్సైడ్, అమ్మోనియం క్లోరైడ్ కలిసే సమీకరణం బోర్డు మీదికొచ్చింది. నిరోష గాజు కడ్డీతో పరీక్షనాళికలో ఆ రెండు పొడులనూ కలిపింది. చూస్తుండగానే తడి తడిగా అయింది.

"పట్టుకోండ్రి సార్, అడుగున."

నర్సింహులు సార్ వేళ్లతో తాకాడు. ఆయన ముఖం విప్పారింది. "అబ్బ! మంచు లెక్క ఉన్నది గదమ్మా!" పక్క పిల్లలకు కూడా అందించాడు. "చూడుండ్రి, ఎంత సల్లగున్ననో. గిట్ల ఉండాలె మనిషంటే." ఆనందం పట్టలేక నాళికను ముఖం దగ్గరికి తీసుకుని లోపలికి చూశాడు.

ఆ చర్యలో చల్లదనంతో పాటు అమ్మోనియా కూడా పుడుతుంది. ఆ సంగతి సోషల్ మాస్టారుకు ఎవరూ చెప్పలేదు.

ఆయన నాళిక నిరోష చేతిలో పెట్టి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు కారుతుండగా వరండాలోకి పరుగెత్తాడు. కాసేపు దగ్గు వినపడింది. తర్వాత తెరిచి ఉన్న ఒక్క కిటికీ ఊచల అవతల ఆయన తల కనపడింది.

"మేడం, తర్వాతి పీరియడ్ నాది గదా ఈ క్లాసుల?"

"అవును సార్, సోషల్."

"నేను రాను. అది గూడ మీరే తీస్కోండ్రి."

"మీ ఇష్టం సార్," అని, దేవమ్మ టీచర్ కొంగు ముక్కు మీద బిగించుకుని, కీబోర్డు దగ్గరికి జరిగింది. "పిల్లలూ, రాస్కోండ్రి. ఇంక మనకు శానా టైమున్నది."

కిటికీలన్నీ తెరవమని మాత్రం ఆయన వరండా దాటి పోయేదాకా ఆమె ఎవరికీ చెప్పలేదు.